సిరియాలో తుపాకీ పట్టనోళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరేంటి?

వేపచెట్టు_కింద
సిరియా అనగానే మనోళ్ళలో ఎవరినడిగినా ఐసిస్, బాంబులు, పడవల్లో శరణార్థులు, ఇంతే చెప్తారు. 2024 డిసెంబర్ 8న అధ్యక్షుడు బషర్ అసద్ మాస్కో పారిపోయినప్పుడు కూడా మన టీవీల్లో రష్యాకెంత దెబ్బ, టర్కీకెంత లాభం అనే గొడవే తప్ప, ఆ దేశంలో ఆయుధం ముట్టకుండా ఎన్నికలు కావాలి కోర్టులు కావాలి పేపర్లు కావాలి అని పాతికేళ్ళుగా జైళ్ళ చుట్టూ తిరిగినోళ్ళ గురించి ఒక్కడు నోరు విప్పలేదు. అందుకే ఈ థ్రెడ్.

నాకు దీని మీద ఆసక్తి పుట్టించింది దారయా అనే ఊరు. డమాస్కస్‌ని ఆనుకునే ఉంటుంది, ద్రాక్షతోటలకి పేరు, చెక్క ఫర్నిచర్ పనివాళ్ళు ఎక్కువ. 2003 ప్రాంతంలో అక్కడి కుర్రాళ్ళు కొంతమంది ఏం చేశారంటే చీపుర్లు పట్టుకుని వీధులు ఊడ్చారు, లంచం ఇవ్వొద్దు అని ప్రచారం చేశారు, సిగరెట్లు మానమన్నారు, అమెరికా ఇరాక్ మీద పడినప్పుడు ఒక్క నినాదం కూడా లేకుండా ఊరేగింపు తీశారు. ఊరేగింపు అమెరికాకి వ్యతిరేకంగా అండీ, అసద్ పేరే ఎత్తలేదు. అయినా పట్టుకెళ్ళి కొందరిని ఏళ్ళ తరబడి లోపలేశారు. ఎందుకంటే పైనుంచి ఆర్డర్ రాకుండా నలుగురు కలిసి ఒక పని చేశారు, అదే నేరం.

నేననేది ఏంటంటే ఆ ప్రభుత్వం మొదట్నుంచీ తుపాకీ పట్టినోడి కంటే చీపురు పట్టినోడికే ఎక్కువ జడిసింది, ముందు వాళ్ళనే ఏరేసింది. మీరేమంటారో చెప్పండి.

ముక్కుసూటి_మోహన్
బాగానే ఉంది బ్రో కానీ రిజల్ట్ ఏంటి? చీపుర్లు, పూలు, నినాదాలు... చివరికి 2024లో డమాస్కస్‌లోకి దూకింది ఎవరు, వాయవ్యాన ఇడ్లిబ్ నుంచి వచ్చిన సాయుధులు. ఒకప్పటి అల్ ఖైదా శాఖ నడిపిన అహ్మద్ అల్ షరా ఇప్పుడు ప్రెసిడెంట్. మరి ఈ పాతికేళ్ళ జెంటిల్మెన్ ఉద్యమం దేనికి పనికొచ్చినట్టు? సైనికులకి పూలిస్తే తిరిగి శవం ఇచ్చారు, అది మీ దారయా కథే కదా.

వేపచెట్టు_కింద
అవును దారయా కథే, తెలిసి కూడా ఎగతాళిగా అంటున్నావు కాబట్టి పూర్తిగా చెప్తాను. గియాస్ మతర్ అని ఇరవైల్లో ఉన్న దర్జీ. 2011లో ఊర్లోకి సైన్యం దిగితే ఈ అబ్బాయి బ్యాచ్ ఎదురెళ్ళి గులాబీలు, మంచినీళ్ళ సీసాలు ఇచ్చారు, మీరూ మేమూ అన్నదమ్ములమే కాల్చొద్దు అని సీసాకి చీటీ కట్టి మరీ. సెప్టెంబర్‌లో అతన్నీ, అతని కంటే పెద్దవాడు యహ్యా షుర్బజీ అని ఆ గ్రూపుకి పెద్దన్న లాంటోడు, ఇద్దర్నీ వల పన్ని పట్టుకున్నారు. కొద్దిరోజులకే గియాస్ శవం ఇంటికొచ్చింది, ఒళ్ళంతా హింస పెట్టిన గుర్తులు. అప్పటికి అతని భార్య గర్భవతి. పరామర్శకి వేసిన టెంట్‌కి అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్ రాయబారులు వచ్చి కూర్చున్నారు. యహ్యా సంగతి అయితే 2018లో గానీ ఇంట్లోవాళ్ళకి తెలియలేదు, రిజిస్టర్‌లో చూస్తే 2013లోనే చనిపోయినట్టు రాసుంది. ఐదేళ్ళు ఆ తల్లి కొడుకు బతికున్నాడనుకుంది.

పూలిస్తే చంపారు కాబట్టి పూలివ్వడం తప్పంటే నేనేం చెప్పలేను.

తెనాలి_మాస్టారు
పిల్లలూ, కథ 2011లో మొదలవలేదు. నేను అప్పట్లో పేపర్లో అంతర్జాతీయం పేజీ వదిలేవాణ్ణి కాదు కాబట్టి బాగా గుర్తు. 2000 జూన్‌లో హఫీజ్ అసద్ పోయాడు. రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడికి 40 ఏళ్ళుండాలి, కొడుకు బషర్‌కి 34, ఏముంది, అదే రోజు పార్లమెంటు కూర్చుని 40ని 34 చేసి పారేసింది. అంత పని చేసిన పార్లమెంటు ముందే జూలైలో ఆయన సంస్కరణలు, పారదర్శకత అంటూ ఉపన్యాసం ఇచ్చాడు, లండన్‌లో కంటి డాక్టరు చదువు చదివొచ్చాడు కదా, కొత్త గాలి అనుకున్నారు అంతా.

సెప్టెంబర్‌లో 99 మంది రచయితలు, ప్రొఫెసర్లు, సినిమావాళ్ళు సంతకాలు పెట్టి ప్రకటన ఇచ్చారు. ఏమడిగారు? 1963 నుంచి నడుస్తున్న ఎమర్జెన్సీ ఎత్తేయండి, రాజకీయ ఖైదీలని వదలండి, సభలు పెట్టుకోనివ్వండి. ఇంతే. 1963 నుంచి అన్నమాట చూడండి, అది చివరికి 2011 ఏప్రిల్‌లో ఎత్తేశారు, 48 ఏళ్ళు! మన దగ్గర 21 నెలలకే ఇప్పటికీ ఏటా జూన్‌లో పేజీలు నింపుతాం.

ఆ చలికాలం డమాస్కస్‌లో ఇళ్ళల్లో సభలు మొదలయ్యాయి. సభ అంటే మైకులు గట్రా కాదు, డ్రాయింగ్ రూములో కుర్చీలు చాలక మెట్ల మీద కూడా కూర్చుని ఒకాయన ఉపన్యాసం ఇస్తే తర్వాత ప్రశ్నలు. అధికారంలో ఉన్న బాత్ పార్టీవాళ్ళు కూడా వచ్చి వాదించేవాళ్ళు. నలభై ఏళ్ళ తర్వాత మొదటిసారి జనం ఒక గదిలో కూర్చుని గట్టిగా మాట్లాడుకున్నారు. దాన్నే డమాస్కస్ వసంతం అన్నారు. 2001 ఫిబ్రవరికల్లా ప్రభుత్వం మెలిక పెట్టింది: ముందే పర్మిషన్ తీసుకోవాలి, ఎవరు మాట్లాడతారో ఏం మాట్లాడతారో ఎవరెవరొస్తారో లిస్టివ్వాలి. ఆగస్టు సెప్టెంబరు నెలల్లో పది మందిని లోపలేశారు. వసంతం అయిపోయింది.

సికింద్రాబాద్_శ్రీను
మాస్టారూ జబర్దస్త్ చెప్పిన్రు. కానీ ఒక డౌటు. ఇదంతా షియా సున్నీ లొల్లి అంటరు కదా, అసద్ అలవీ, అంటే షియాలల్ల ఒక చిన్న శాఖ, మెజారిటీ సున్నీలు, గందుకే తిరగబడ్డరు అని. ఈ 99 మందీ గిట్ల సున్నీలేనా?

తెనాలి_మాస్టారు
శ్రీనూ మంచి ప్రశ్న. ఆ పది మందిలో ఎక్కువ శిక్ష, 10 ఏళ్ళు, ఎవరికి పడిందో తెలుసా? ఆరిఫ్ దలీలా అని డమాస్కస్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ డీన్ చేసినాయన. పుట్టుకతో అలవీ. అసద్ వాళ్ళ సొంత కులం అనుకో మన భాషలో. ఆయన చేసిన పాపం దేశం డబ్బు ఎటు పోతోందో లెక్కలు తీసి ఉపన్యాసం ఇవ్వడం. తన వర్గం నుంచే ఒకడు లేస్తే ఆ ప్రభుత్వానికి మరీ మంట.

రచయిత మిషెల్ కీలో క్రైస్తవుడు, లతకియా ఊరు. రియాద్ అల్ తుర్క్ హోమ్స్ సున్నీ, అయితే మసీదు మనిషి కాదు, కమ్యూనిస్టు. పెద్ద హఫీజ్ హయాంలో 1980 నుంచి 98 దాకా దాదాపు 18 ఏళ్ళు, ఎక్కువ భాగం ఒంటరి సెల్లులో ఉన్నాడు. పుస్తకం లేదు పెన్ను లేదు. సూపులో పళ్ళకి తగిలే ఉడకని గింజలు ఏరి దాచుకుని వాటితో దుప్పటి మీద బొమ్మలు పేర్చేవాడు, మళ్ళీ చెరిపేసి మళ్ళీ పేర్చేవాడు. బయటికొచ్చాక మూడేళ్ళకే 2001లో అల్ జజీరాలో కూర్చుని నియంత చచ్చాడు అన్నాడు, మళ్ళీ లోపలికి. 70 ఏళ్ళ మనిషి! 2024 జనవరి 1న ఫ్రాన్స్‌లో పోయాడు, పదకొండు నెలలు బతికుంటే అసద్ పోవడం చూసేవాడు.

లక్ష్మీప్రసన్న_బెర్లిన్
మిషెల్ కీలో పేరొచ్చింది కాబట్టి చెప్తా, ఆయన ఒక టీవీ ఇంటర్వ్యూలో చెప్పింది వింటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జైల్లో ఉన్నప్పుడు ఒక గార్డు ఎందుకో జాలిపడి ఈయన్ని ఇంకో సెల్‌కి తీసుకెళ్ళాడంట, అక్కడ ఒక అమ్మాయి, ఆమె జైల్లోనే కన్న పిల్లాడు. పిల్లాడికి ఒక కథ చెప్పు అన్నాడంట గార్డు. ఈయన అనగనగా ఒక పిట్ట అని మొదలుపెడితే పిల్లాడు పిట్ట అంటే ఏంటి అన్నాడంట. చెట్టు మీద వాలుతుంది అంటే చెట్టు అంటే ఏంటంట. ఆ గోడలు తప్ప ఏమీ చూడలేదు వాడు. ఈయనకి కథ ముందుకి నడవలేదు.

కీలో 2021లో పారిస్‌లో కోవిడ్‌తో పోయారు.

ముక్కుసూటి_మోహన్
హార్ట్ టచింగే, కాదనను. కానీ మేధావులు డ్రాయింగ్ రూముల్లో కూర్చుని స్టేట్‌మెంట్లు రాసుకుంటే పల్లెటూరోడికి ఏం సంబంధం? అది మిడిల్ క్లాస్ వ్యవహారం. అందుకే ఒక్క తన్ను తంతే అంతా ఖాళీ అయింది.

తెనాలి_మాస్టారు
మోహన్ గారూ అందులో కొంత నిజం ఉంది, నేనూ ఒప్పుకుంటా, వాళ్ళ సభలకి రైతులెవరూ రాలేదు. కానీ అందరూ ప్రొఫెసర్లే అనుకోవద్దు. రియాద్ సైఫ్ అని ఒక బట్టల ఫ్యాక్టరీ ఓనరు, అడిడాస్ లైసెన్సు కింద కుట్టేవాడు, స్వతంత్ర ఎంపీగా గెలిచాడు. 2001లో మొబైల్ ఫోన్ లైసెన్సులు ఇచ్చారు సిరియాలో, అందులో ఒకటి బషర్ మేనమామ కొడుకు రామీ మఖ్లూఫ్ చేతికి. సైఫ్ ఏం చేశాడంటే ఆ కాంట్రాక్టు మీద లెక్కలేసి ప్రభుత్వ ఖజానాకి ఎంత గండి పడుతుందో పార్లమెంటులో పెట్టాడు. కొద్దివారాలకే అరెస్టు, ఐదేళ్ళు. రాజ్యాంగాన్ని అక్రమంగా మార్చ చూశాడని కేసు! ఒక్క కొడుకు కోసం సీటు వయసు మార్చినోళ్ళది కాదు, ఈయనది నేరం.

2006లో విడుదలై ఏం చేశాడు, ఇంట్లో కూర్చోలేదు. ఆయన జైల్లో ఉండగానే 2005 అక్టోబర్‌లో డమాస్కస్ డిక్లరేషన్ వచ్చింది, అందులో ఆయన పేరు ఉంది. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద పని అదే. ఎడమవాళ్ళు, ఇస్లాంవాదులు, కుర్దులు, అరబ్ జాతీయవాదులు ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళంతా ఒక కాగితం మీద సంతకం: మార్పు కావాలి, శాంతియుతంగా, మెల్లగా, చర్చతో. 2007 డిసెంబర్‌లో డమాస్కస్‌లో ఒక ఇంట్లో 160 మంది పైచిలుకు కలిసి ఓట్లేసి ఫిదా హౌరానీ అనే లేడీ డాక్టర్ని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. తర్వాత? మామూలే, 12 మందికి రెండున్నరేళ్ళు, ఆమెతో సహా, సైఫ్‌తో సహా.

రియాద్_కడపోడు
నేను రియాద్‌లో పని చేస్తా, మా సైట్ ఫోర్‌మన్ సిరియా ఆయనే, సిరియా దక్షిణాన దేరా అని టౌను, దాని పక్క పల్లె. ఈ డిక్లరేషన్లు ఆయనకేం తెల్దు, మోహన్ అన్న మాట కరెక్టే ఆడికి. కానీ ఆయన చెప్పే కత ఇనండి. వాళ్ళూర్లో బాయి తవ్వుకోవాలంటే సెక్యూరిటీ వాళ్ళ పర్మిషన్, భూమి అమ్మాలంటే పర్మిషన్, పెండ్లికి హాలు బుక్ చేయాలంటే గూడా ఆఫీసులో ఒక మాట చెప్పాలంట. ప్రతి కాయితానికి చెయ్యి తడపాల. 2011 ఫిబ్రవరి మార్చిలో దేరాలో స్కూల్ పిల్లోల్లు గోడ మీద ఇంక నీ వంతే డాక్టరూ అని రాస్తే, డాక్టర్ అంటే బషర్, పట్టుకపోయి గోర్లు పీకినారంట. పెద్దమనుషులు పోయి పిల్లోల్లని వదలండి సామీ అని అడిగితే ఆఫీసర్ అన్న మాటలు ఆయన చెప్పినాడు గానీ ఈడ రాయలేను, ఇంట్లో ఆడోల్ల గురించి. అంతే ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ఆయన ఎప్పుడూ ప్రజాస్వామ్యం అనడు, మర్యాద అంటాడు, మనిషిని మనిషిగా చూడాల అంటాడు.

సికింద్రాబాద్_శ్రీను
అన్నా ఇది ఆ మాస్టారు చెప్పిన దానికంటె మస్తు అర్థమైంది 😀 సారీ మాస్టారూ

తెనాలి_మాస్టారు
పర్లేదు నాయనా, పదవ తరగతి పిల్లలకి ముప్ఫై ఏళ్ళు చెప్పినవాణ్ణి, అలవాటే.

వేపచెట్టు_కింద
కడపన్నా సూపర్. అక్కడే అసలు మలుపు ఉంది. 2011 మార్చిలో రోడ్డెక్కిన జనానికీ, ఆ పాత డ్రాయింగ్ రూమ్ జనానికీ మధ్య వంతెన వేసింది ఊరూరా పుట్టిన కోఆర్డినేషన్ కమిటీలు. రజాన్ జైతూనే అని లాయరు, అప్పటికి ముప్ఫై నాలుగేళ్ళు ఉంటాయి, పదేళ్ళుగా రాజకీయ ఖైదీల కేసులు ఫీజు లేకుండా వాదించేది, కరడుగట్టిన ఇస్లాంవాదులైన సలఫీల కేసులు కూడా. ఆమె, ఇంకొందరు కలిసి ఈ కమిటీల్ని ఒక నెట్‌వర్క్ చేశారు, లోకల్ కోఆర్డినేషన్ కమిటీస్ అని.

శ్రీను వాళ్ళేం చేసేవాళ్ళని అడిగే లోపే చెప్తా. విదేశీ విలేకర్లని దేశంలోకి రానివ్వట్లేదు, ప్రభుత్వ టీవీ ఏమో ఈ వీడియోలన్నీ ఫేక్, వేరే దేశంలో తీసినవి అంటోంది. దానికి విరుగుడుగా వీళ్ళు ర్యాలీ వీడియో తీసే ముందు తేదీ, ఊరు పేరు అట్ట ముక్క మీద రాసి కెమెరాకి చూపించేవాళ్ళు, కొన్నిసార్లు ఆ రోజు పేపర్ కూడా. చనిపోయినవాళ్ళ పేరు, ఊరు, వయసు, ఎలా పోయారు ఇద్దరు ముగ్గుర్ని అడిగి రూఢి చేసుకున్నాకే లిస్టులో ఎక్కించేవాళ్ళు. తర్వాత రజాన్ అదే పనికి వయొలేషన్స్ డాక్యుమెంటేషన్ సెంటర్ పెట్టింది. అందులో అసద్ వైపు చచ్చినవాళ్ళ లెక్క కూడా రాసేది, తిరుగుబాటుదారులు చేసిన ఘోరాలు కూడా రాసేది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అదే ఆమె మెడకి చుట్టుకుంది.

లక్ష్మీప్రసన్న_బెర్లిన్
డమాస్కస్‌లో చేసిన చిలిపి పనులు కూడా చెప్పండి! ఖాసియూన్ కొండ వాలు మీద వీధుల్లోంచి వేలకొద్దీ పింగ్ పాంగ్ బాల్స్ దొర్లించారు, ఒక్కో దాని మీద స్వేచ్ఛ, ఇంక దిగిపో లాంటి మాటలు, సెక్యూరిటీ వాళ్ళు సూట్లు వేసుకుని బాల్స్ వెనకాల పరిగెత్తడం ఊహించుకోండి 😂 సిటీలో ఫౌంటెన్లలో ఎర్ర రంగు కలిపారు. చెత్తకుండీల్లో స్పీకర్లు దాచి విప్లవం పాటలు పెట్టారు, మరి పోలీసులు కుండీలో చెయ్యి పెట్టక తప్పదుగా.

ముక్కుసూటి_మోహన్
నవ్వొచ్చింది, ఒప్పుకుంటా. కానీ అసలు పాయింట్ దాటేస్తున్నారు అందరూ. అవతలోడు ట్యాంకులు దించాక కూడా పింగ్ పాంగ్ ఏంటి? ఆయుధం పట్టకపోతే ఇంకా త్వరగా చచ్చేవాళ్ళు. అదే ఏప్రిల్‌లో ఎమర్జెన్సీ ఎత్తేశామని ఒకరోజు ప్రకటించి మర్నాడు శుక్రవారం ఊరేగింపుల మీద కాల్చి వంద మంది దాకా చంపారు కదా, మాస్టారు చెప్పలేదు ఆ ముక్క.

వేపచెట్టు_కింద
అది నిజం, 2011 ఏప్రిల్ 22. పారిపోయిన సైనికులు జనాన్ని కాపాడ్డానికి తుపాకీ పట్టారు, వాళ్ళని నేను తప్పు పట్టను. కానీ కమిటీలు 2011 ఆగస్టు చివర్లో ప్రకటన ఇచ్చాయి: ఆయుధాలు వద్దు, విదేశీ సైన్యం వద్దు, ఎందుకంటే ఆయుధాల్లో ప్రభుత్వానిదే పైచేయి, పైగా తుపాకీతో గెలిస్తే ఆ తర్వాత తుపాకీ ఉన్నవాడే పాలిస్తాడు అని. వాళ్ళు చెప్పినట్టే జరిగిందా లేదా నువ్వే చెప్పు మోహన్, నీ మొదటి పోస్టే చూసుకో.

ఇంకో సంగతి. 2011 వేసవిలో క్షమాభిక్ష అని అసద్ సైద్నాయా జైలు నుంచి ఎవరిని వదిలాడు? జిహాదీ కేసుల్లో ఉన్నవాళ్ళని. అందులో జహ్రాన్ అల్లూష్ ఒకడు, బయటికొచ్చి జైష్ అల్ ఇస్లాం అనే సైన్యం పెట్టాడు, డమాస్కస్ పక్కనున్న దూమా పట్టణం వాళ్ళ గుప్పిట్లోకెళ్ళింది. అదే సమయంలో గియాస్ మతర్ లాంటోళ్ళు లోపలికి పోతున్నారు, శవాలై వస్తున్నారు. ఎదురుగా గడ్డం, తుపాకీ ఉంటేనే తను ప్రపంచానికి నచ్చుతాడని ఆయనకి బాగా తెలుసు.

మరి 2013 డిసెంబర్ 9 రాత్రి దూమాలో రజాన్‌ని, ఆమె భర్త వాయెల్ హమాదాని, సమీరా ఖలీల్‌ని, లాయర్ నాజెమ్ హమ్మాదీని ఆఫీసులోంచి ముసుగువాళ్ళు ఎత్తుకెళ్ళారు. అనుమానం జైష్ అల్ ఇస్లాం మీదే, వాళ్ళు ఎప్పుడూ ఒప్పుకోలేదు. అసద్ పోయి జైళ్ళన్నీ తెరిచినా ఆ నలుగురి జాడ లేదు. సమీరా అలవీ ఇంట్లో పుట్టిన కమ్యూనిస్టు, పెద్ద అసద్ కాలంలో నాలుగేళ్ళు జైల్లో ఉంది. చిన్న అసద్ ముట్టడిలో ఆకలితో ఉంటూ డైరీ రాసుకుంది. చివరికి ఆమెని మాయం చేసింది అసద్‌కి ఎదురు తిరిగామని చెప్పుకున్నవాళ్ళు.

రియాద్_కడపోడు
ఇదెక్కడి అన్యాయం సామీ. అటు ఆడు, ఇటు ఈడు.

మోడరేటర్_2
పైన ఒకరు మతం పేరుతో పెట్టిన కామెంట్ తీసేశాం. టాపిక్ సిరియా పౌర ఉద్యమం, మన రాష్ట్ర రాజకీయాలు కాదు, అది మాట్లాడుకోవడానికి వేరే థ్రెడ్లు వందున్నాయి.

సికింద్రాబాద్_శ్రీను
సరే గీ లాయర్లు, లిస్టులు ఓకే. కానీ ప్రభుత్వం పోయిన ఊర్లల్ల రోజు ఎట్ల గడిచింది? కరెంటు, చెత్త, బడి ఇవన్నీ ఎవలు చూసుకున్నరు?

వేపచెట్టు_కింద
శ్రీనూ నువ్వు అడిగింది ఒమర్ అజీజ్ అనే ఆయన 2011లోనే అడిగాడు. ఆర్థికవేత్త, అరవై దాటాయి, విదేశాల్లో ఉద్యోగం వదిలేసి వచ్చాడు. ఆయన మాట ఏంటంటే పొద్దున ఊరేగింపు తీసి మధ్యాహ్నం మళ్ళీ అదే ప్రభుత్వ ఆఫీసు ముందు క్యూ కడితే లాభం లేదు, జనం తమ పనులు తామే నడుపుకోవాలి, ఊరికో కౌన్సిల్ పెట్టుకోవాలి అని ఒక చిన్న పేపర్ రాశాడు. 2012 నవంబర్‌లో పట్టుకున్నారు, 2013 ఫిబ్రవరిలో జైల్లో గుండె ఆగి పోయాడు. కానీ ఆ ఐడియా వందల ఊళ్ళకి పాకింది. బేకరీకి పిండి తేవడం, జనరేటర్‌కి డీజిల్, చెత్త ఎత్తడం, పెళ్ళిళ్ళు పుట్టుకలు రిజిస్టర్ చేయడం, నేలమాళిగలో బడి. అన్నీ బాగా నడిచాయని చెప్పను, చాలాచోట్ల పెద్ద కుటుంబాలే పంచుకున్నాయి, డబ్బు బయటి దేశాల నుంచి వచ్చేది కాబట్టి ఇచ్చినవాడి మాట చెల్లేది, ఆడవాళ్ళని లోపలికి రానిచ్చిన కౌన్సిళ్ళు తక్కువ.

దారయా మాత్రం వేరు. అక్కడ 2012 ఆగస్టులో సైన్యం ఊరిమీద పడి వందల మందిని చంపింది. ఆ దెబ్బ తర్వాత రెండు నెలలకి కౌన్సిల్ పెట్టుకున్నారు. సభ్యులు ఆరు నెలలకోసారి ఓట్లేసి పదవులు మార్చుకునేవాళ్ళు. తుపాకీ పట్టిన వాళ్ళకి ఒక ఆఫీసు ఉండేది, అది కౌన్సిల్ కింద ఒక శాఖ, అంతే. మిగతా సిరియాలో ఎక్కడ చూసినా కమాండరే రాజు, ఇక్కడ కమాండర్ వచ్చి కౌన్సిల్‌కి లెక్క చెప్పాలి. 2012 నవంబర్ నుంచి 2016 ఆగస్టు దాకా దాదాపు నాలుగేళ్ళ ముట్టడిలో అలా నడిపారు, పైనుంచి బ్యారెల్ బాంబులు, తినడానికి ఆకుల సూపు. శిథిలాల్లోంచి పుస్తకాలు ఏరి, ఎవరి పుస్తకమో పేరు రాసిపెట్టి, నేలమాళిగలో లైబ్రరీ పెట్టారు, యుద్ధమయ్యాక ఓనర్లకి తిరిగివ్వాలని! చివరికి ఆకుపచ్చ బస్సులెక్కించి ఇడ్లిబ్ పంపేశారు, ఊరు ఖాళీ.

లక్ష్మీప్రసన్న_బెర్లిన్
దారయాలో 2012 మొదట్లో మొదలైన ఎనబ్ బలదీ పేపర్ ఇప్పటికీ నడుస్తోంది. మొదట్లో ఇళ్ళల్లో ప్రింట్ తీసి రాత్రుళ్ళు గుమ్మాల ముందు పడేసేవాళ్ళు, మొదలుపెట్టిన వాళ్ళలో అమ్మాయిలు చాలామంది. ఇప్పుడు కొత్త ప్రభుత్వాన్ని కూడా వదలట్లేదు వాళ్ళు.

ఇక మోహన్ గారు రిజల్ట్ ఏంటి అన్నారు కదా, నేనుండే ఊర్లోనే ఒక రిజల్ట్ ఉంది. అన్వర్ అల్ బున్నీ అని లాయరు, డమాస్కస్ వసంతం ఖైదీలకి వాదించినాయన, తనే 2006లో అరెస్టై ఐదేళ్ళు జైల్లో ఉన్నాడు. 2014లో శరణార్థిగా బెర్లిన్ వచ్చాడు. శరణార్థుల సెంటర్ దగ్గర ఒకతన్ని చూసి ఈ మొహం ఎక్కడో చూశానే అనుకున్నాడంట. తర్వాత తెలిసింది, తనని అరెస్టు చేసిన అన్వర్ రస్లాన్, డమాస్కస్‌లో 251 బ్రాంచి అనే గూఢచారి విభాగంలో ఇంటరాగేషన్ హెడ్ చేసినోడు, అతనూ శరణార్థిగానే వచ్చాడు! ఒకే సెంటర్లో ఇద్దరూ. బున్నీ ఏం చేశాడు, సాక్షుల్ని వెతికి పోగు చేశాడు. కోబ్లెంజ్ కోర్టులో 2022 జనవరి 13న రస్లాన్‌కి యావజ్జీవం పడింది, 27 హత్యలకి బాధ్యుడని. సిరియా ప్రభుత్వ హింస మీద ఆ స్థాయి అధికారికి ప్రపంచంలో పడ్డ మొదటి శిక్ష అది. ఇలాంటి కేసులు నిలబడ్డాయంటే రజాన్ లాంటోళ్ళు అట్ట ముక్కల మీద తేదీలు రాసి దాచిన అలవాటు వల్లే.

ముక్కుసూటి_మోహన్
ఇది నాకు తెలీదు ప్రసన్న గారూ, గట్టి పాయింట్. అయినా కోర్టులో ఒకడికి శిక్ష పడటం వేరు, దేశం మారటం వేరు.

మరి మనదేశం ఏం చేసింది ఆ టైంలో? మనం అప్పుడు భద్రతా మండలిలో ఉన్నాం కదా.

తెనాలి_మాస్టారు
2011, 12 రెండేళ్ళూ ఉన్నాం. 2011 ఆగస్టులో మండలి అధ్యక్ష స్థానం మనదే, ఆ నెలలోనే మనవాళ్ళు, బ్రెజిల్, దక్షిణాఫ్రికా ప్రతినిధులు డమాస్కస్ వెళ్ళి బషర్‌ని కలిశారు, తప్పులు జరిగాయని ఆయన ఒప్పుకున్నట్టు ప్రకటన వచ్చింది. అక్టోబర్‌లో తీర్మానం వస్తే మనం ఓటెయ్యకుండా కూర్చున్నాం, లిబియాలో ఏం జరిగిందో చూశాం కాబట్టి అనుమానం. 2012 ఫిబ్రవరిలో మాత్రం అనుకూలంగా వేశాం, రష్యా చైనా వీటోతో పోయింది. అటూ ఇటూ కాని పని అని నా అభిప్రాయం, ఆ శాంతియుత బ్యాచ్‌ని పిలిచి మాట్లాడే తీరిక ఏ దేశానికీ లేకపోయింది.

సికింద్రాబాద్_శ్రీను
మరి ఇప్పుడు? అసద్ పోయిండు, వీళ్ళకి చాన్స్ వచ్చిందా?

వేపచెట్టు_కింద
వచ్చింది కానీ సగం. బయట ఉన్నవాళ్ళు చాలామంది తిరిగెళ్ళారు, డమాస్కస్‌లో మళ్ళీ సభలు, కేఫుల్లో చర్చలు, తప్పిపోయినవాళ్ళ ఫొటోలు పట్టుకుని తల్లులు చౌరస్తాల్లో కూర్చోవడం, ఇవన్నీ జరుగుతున్నాయి, 2024 ముందు కలలో కూడా లేవు. 2023 జూన్‌లో పారిస్‌లో నూట యాభై పైన సంస్థలు కలిసి పెట్టుకున్న మదనియా లాంటివి కూడా లోపల పని మొదలుపెట్టాయి, రాజకీయ చర్చల్లో పౌర సంఘాలకి కుర్చీ కావాలనేది వాళ్ళ డిమాండు.

కానీ 2025 మార్చిలో వచ్చిన తాత్కాలిక రాజ్యాంగం చూడండి: ఐదేళ్ళ మధ్యంతర కాలం, ప్రధాని పదవి లేదు, అధికారమంతా అహ్మద్ అల్ షరా చేతిలో, పార్లమెంటులో మూడో వంతు ఆయనే నియమిస్తాడు. అక్టోబర్‌లో ఎన్నిక అన్నారు, జనం నేరుగా ఓటెయ్యలేదు, ఎలక్టోరల్ కమిటీలు వేశాయి. గెలిచిన ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. 2025 మార్చిలోనే తీరప్రాంతంలో అలవీ పల్లెల్లో ఊచకోత జరిగింది.

ముక్కుసూటి_మోహన్
దక్షిణాన ఉన్న సువైదా మర్చిపోయారు. 2023 ఆగస్టులో డీజిల్ పెట్రోల్ రేట్లు పెంచితే అక్కడి డ్రూజ్ అనే మైనారిటీ మతం జనం రోడ్డెక్కి బాత్ పార్టీ ఆఫీసులకి తాళాలేసి, కరామా చౌరస్తాలో అసద్ పోయేదాకా వారం వారం నిలబడ్డారు, తుపాకీ పేల్చకుండా. నిజంగా మీరు మెచ్చుకునే టైపు ఉద్యమం. మరి 2025 జూలైలో కొత్త ప్రభుత్వ బలగాలు, తెగల మనుషులు వచ్చిపడితే అక్కడ వెయ్యి మందికి పైగా పోయారు. ఇప్పుడు అదే చౌరస్తాలో కొందరు విడిపోతాం అంటూ జెండాలు పట్టుకుంటున్నారు. దీనికేమంటారు వేపచెట్టు గారూ?

వేపచెట్టు_కింద
ఏమంటాను, కడుపు మండుతుంది. ప్రజాస్వామ్యం అడిగినవాళ్ళని విడిపోతామనే దాకా తోసింది ఎవరు అని అడుగుతాను. అసద్ దగ్గర పూలతో నిలబడ్డోళ్ళు షరా దగ్గర కూడా నిలబడుతున్నారు, అలవీల ఊచకోత మీద, సువైదా మీద దర్యాప్తు కావాలని అడిగినవాళ్ళలో పాత సున్నీ ఖైదీలే ఉన్నారు. వాళ్ళు గెలుస్తారని నేను పందెం కాయను. కానీ ఈసారి వాళ్ళని ఏరేయడం మొదలైతే అప్పుడు అర్థం చేసుకోవాలి కథ ఎటు పోతుందో. నాకు సంబంధించి అదొక్కటే గుర్తు, జెండా మారిందా గడ్డం ఉందా అనేది కాదు.

లక్ష్మీప్రసన్న_బెర్లిన్
నేనూ అదే చూస్తుంటా. ఇంకోటి, తప్పిపోయినవాళ్ళ కోసం 2025 మేలో ప్రభుత్వం ఒక కమిషన్ పెట్టింది, లక్షకి పైనే పేర్లు. సైద్నాయాలో తలుపులు పగలగొట్టిన రోజు కాగితాలు నేలంతా తొక్కేశారు కదా, వాటిలో ఎన్ని మిగిలాయో దాని మీదే చాలా కేసులు ఆధారపడి ఉన్నాయి.

సికింద్రాబాద్_శ్రీను
కడపన్నా, మీ ఫోర్‌మన్ ఏమంటుండు గిప్పుడు? వాపస్ పోయిండా?

రియాద్_కడపోడు
లీవు పెట్టి పోయొచ్చినాడు. ఇంటికి పైకప్పు లేదంట, ఆలివ్ చెట్లు నరికి పొయ్యిలోకి పెట్టుకున్నారంట ఎవురో. వాళ్ళూర్లో బాయి మోటరు బాగు చేసుకోను యువకులు ఒక కమిటీ పెట్టుకున్నారు, ఆఫీసులో ఎవుర్నీ అడగకుండానే, అది చెప్పేటప్పుడు మాత్రం మొహం ఎలిగిపోయింది. ఓటేసినావా అని అడిగితే మాకు ఓటెక్కడిచ్చినారు, పెద్దోల్లే వేసుకున్నారు అన్నాడు. ఈ థ్రెడ్ గురించి చెప్పినా, రజాన్ ఫొటో చూపిస్తే గుర్తుపట్టినాడు. మాస్టారూ, ఆ జైల్లో గింజల్తో బొమ్మలేసిన పెద్దాయన పేరు అరబీలో ఎట్ల పలుకుతారో రాయండి, రేపు అడగాల ఆయన్ని.

తెనాలి_మాస్టారు
రియాద్ అత్‌తుర్క్ అను, హోమ్స్ ఆయన అని కూడా చెప్పు.